ఒక్క పిసరు తెలుపు

కథలు రాసేవాళ్ళకి వొక పిచ్చి వుంటుంది. లోపల మూడొందల పేజీలు రాసి చచ్చినా, పుస్తకం చేతికొచ్చాక మొదట చూసుకునేది అట్టనే. ఎదురైనవాళ్ళని "చదివారా?" అని అడగడానికి మొహమాటం. అందుకని "అట్ట బావుందా?" అని అడుగుతాం. చదవనివాళ్ళు కూడా దానికి జవాబు చెప్పగలరు గనక ఇద్దరికీ ఇబ్బంది వుండదు.

ఈ మధ్య నా నవలకి అట్ట తయారవుతున్నప్పుడు మాత్రం ఆ ప్రశ్న తిరిగొచ్చి నాకే తగిలింది. బావుందా లేదా అని కాదు. బావుండటం కోసం ఎంతదూరం వెళ్ళవచ్చు అని. ఇంతకాలం రాస్తూ వచ్చిన నాకు ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదంటే మీరు నవ్వుతారేమో. ఇంట్లో మా వారు నవ్వనే నవ్వారు.

ముందు వూరి సంగతి చెప్పాలి. నవల జరిగేది ఏటూరునాగారంలో. వరంగల్లు నుంచి ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి దాటి వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. తాడ్వాయి దగ్గర చాలామంది మేడారం వైపు తిరిగిపోతారు. మిగిలిన కొద్దిమందిమీ అడవిలోంచి నేరుగా వెళతాం. మా నాన్న అక్కడ బడిపంతులుగా పనిచేసిన రోజుల్లో అది వరంగల్ జిల్లా. తర్వాత 2016లో భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి వెళ్ళింది. వూరు ఎక్కడికీ కదల్లేదు, చిరునామానే మారుతూ పోయింది. చుట్టూ వున్న అడవి ఎప్పటినుంచో అభయారణ్యం. కాస్త ముందుకి వెళితే గోదావరి. ఐదో తరగతి నుంచి ఏడో తరగతి దాకా అక్కడే చదివాను. తునికిపళ్ళు తిని పెదవులు వగరెక్కడం, ఇప్పచెట్ల కింద తెల్లవారుజామున ఆ మత్తు వాసన – ఇవన్నీ నాకు పుస్తకాల్లో దొరికినవి కావు.

నవల రాయడం పూర్తయ్యాక, పోయిన ఎండాకాలం, వొకసారి వూరు చూసొద్దామని వెళ్ళాను. బస్టాండుకి కాస్త ఇవతల, రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని వొక పెద్దావిడ ఎండిన ఇప్పపువ్వూ, తునికిపళ్ళూ, నాలుగు కట్టలు విస్తళ్ళూ పెట్టుకుని కూర్చుంది. కోయావిడ. నుదుటిమీద పచ్చబొట్టు. అరవై దాటి వుంటాయి. నల్లని నలుపు, మా అమ్మ వాడిన ఇనప మూకుడు నలుపు. మధ్యాహ్నపు ఎండ వొకవైపు చెంపమీద పడి ఆ నలుపులో ఎర్రజీర మెరుస్తోంది. నా నవల్లో ముసలమ్మ అచ్చం ఇలాగే వుండాలనుకున్నాను. రాసేటప్పుడు మాత్రం నాకు అంత బాగా కనిపించలేదు.

"పెద్దమ్మా, వొక ఫొటో తీసుకోనా?" అన్నాను.

"తీసుకో బిడ్డా. పువ్వు కొంటవా మరి?" అంది.

కొన్నాను. ఫొటో తీసుకున్నాను. వ్యాపారం ఇద్దరికీ సమంగానే జరిగిందనుకున్నాను.

ఆ ఫొటోని హైదరాబాదులో బొమ్మలు వేసే కుర్రాడికి పంపించాను. మంచి చెయ్యి వున్నవాడు. ఇప్పటివాళ్ళంతా కాగితం మీద కాదు కదా, పలక లాంటి టాబ్లెట్ మీద వేస్తున్నారు. కుంచె లేదు, నీళ్ళగ్లాసు లేదు, వొంటికి రంగు అంటదు. బొమ్మని పొరలు పొరలుగా వేస్తారు. కింద పొరలో వెనకటి అడవి, దానిమీద మనిషి, దానిమీద చీర మడతలు, దానిమీద ఎండ. ఏ పొరనైనా తీసి పక్కన పెట్టవచ్చు, మళ్ళీ పెట్టవచ్చు. పాతకాలపు చిత్రకారుడు వొక తప్పు గీత గీస్తే దాన్ని భరించాల్సి వచ్చేది. ఇప్పుడు తప్పు అనేదే లేదు. వున్నదల్లా "ఇంకా బాగా" అన్నదే.

నన్నడిగితే చిక్కు అంతా అక్కడే వుంది.

మొదటి బొమ్మ వచ్చింది. బావుంది. కానీ ఏదో ఇరుకుగా వుంది. ఆవిడ వెనకాల ఫొటోలో వున్నట్టే వొక ఫ్లెక్సీ, నీలం ప్లాస్టిక్ బకెట్టు, ఎవరిదో సైకిలు. "అవి తీసేద్దాం మేడమ్, చూపు ముఖం మీద నిలవడంలేదు," అన్నాడు. తీసేశాడు. చూపు ముఖం మీద నిలిచింది. ఆవిడ వొడిలో సెల్‌ఫోను వుంది. "ఇదీ తీసేద్దాం," అన్నాడు. తీసేశాడు. గోనెపట్టా చిరుగులు తీసేశాడు. రవిక భుజం మీద చినిగిన చోట కుట్టేశాడు. వెలిసిపోయిన చీరకి ఇటికెరంగు వేశాడు. ఆ రంగు వెనకున్న ఆకుపచ్చకి ఎదురునిలిచి బొమ్మంతా లేచి కూర్చుంది. ఇప్పపువ్వుకి లేత పసుపు వేశాడు. ఎంత ముద్దొచ్చిందో! నేను వొక్కోదానికీ "బావుంది నాయనా, బావుంది" అంటూనే వున్నాను.

ఆ తర్వాత ముఖం దగ్గరికి వచ్చాం.

ఇక్కడ కొంచెం అచ్చుపని సంగతి చెప్పాలి. నాకూ అప్పుడే తెలిసింది. తెరమీద రంగంటే వెలుతురు. కాగితం మీద రంగంటే సిరా. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్ని కలిపి మనకి రంగులు చూపిస్తుంది. మూడూ నిండుగా కలిస్తే తెలుపు. అచ్చుయంత్రం అలా కాదు. సయాన్ అనే ఆకాశనీలం, మెజెంటా అనే ముదురు గులాబీ, పసుపు, నలుపు – నాలుగు సిరాల్ని సన్నసన్నని చుక్కలుగా పెడుతుంది. అవి కలిసినకొద్దీ చీకటివైపు నడుస్తాయి. అంచేత తెరమీద నిగనిగలాడిన చిలకపచ్చ కాగితం మీదికొచ్చేసరికి రెండురోజుల తోటకూరలా వాడిపోతుంది. దానికితోడు మా ప్రచురణకర్తకి ఈ మధ్య గరుకు కాగితం మోజు పట్టుకుంది. నున్నటి ఆర్ట్ కాగితంమీద సిరా పైనే ఆరుతుంది. గరుకు కాగితం దాన్ని పీల్చుకుంటుంది. చుక్క ఉబ్బి పక్కచుక్కని అంటుకుంటుంది. లేతరంగుల్లో ఇది పెద్దగా తెలియదు. ముదురు రంగుల్లో చుక్కల మధ్య ఖాళీలు పూడుకుపోయి అంతా వొకటే ముద్ద అవుతుంది. ముక్కు ఏదో, బుగ్గ ఏదో తెలియదు.

"కాబట్టి మేడమ్, నల్లటి ముఖాన్ని మనం ఫైల్లో కొంచెం తేలిక చెయ్యాలి. అప్పుడే అచ్చులో సరైన నలుపు వస్తుంది," అన్నాడు కుర్రాడు.

ఎంత చక్కటి మాట! నలుపుని నలుపుగా నిలబెట్టడానికి కొంచెం తెలుపు కలపాలి. పాయసంలో చిటికెడు వుప్పు వేసినట్టు. నాకు చాలా నచ్చింది. నచ్చి, "ఇంకొంచెం వెయ్యి," అన్నాను.

వేశాడు. మర్నాడు చూసుకుంటే ఇంకొక పిసరు వెయ్యొచ్చు అనిపించింది. మూడోనాడు ప్రచురణకర్త చూసి, "పుస్తకాల షాపులో దూరం నుంచి కనబడాలి కదండీ," అన్నారు. ఇంకో పిసరు. మా అమ్మాయి చూసి, "కళ్ళకింద ఆ నలుపు జబ్బుమనిషిలా వుందమ్మా," అంది. అక్కడ కొంచెం. ముఖం తేలికపడ్డాక మెడ నల్లగా కనిపించింది. మెడకి కొంచెం. మెడ అయ్యాక చేతులకి. ముడతలు మరీ గీతలు గీతలుగా వున్నాయని వాటిని మెత్తబరిచాడు. మొత్తం పదకొండు ప్రతులు అయ్యాయి. పదకొండో బొమ్మ చూసి నేను సంతోషంతో కుర్రాడికి నమస్కారం పెట్టే గుర్తు పంపించాను.

మీరందరూ మజ్జిగ చేసినవాళ్ళే కదా. చుట్టాలు వస్తున్నారంటే వొక గ్లాసు నీళ్ళు పోస్తాం. ఇంకో ఇద్దరు వస్తే ఇంకో గ్లాసు. పక్కింటివాళ్ళూ వస్తే మరోటి. ఏ గ్లాసుకీ ఆ గ్లాసు తప్పులేదు. కానీ చివర తాగినాయన మర్యాదస్తుడు కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే "అమ్మా, ఇందులో మజ్జిగ ఎక్కడ పోశారు?" అనేవాడు. ఏ గ్లాసు దగ్గర మజ్జిగ నీళ్ళైపోయిందో చెప్పమంటే ఎవరం చెప్పగలం? తర్వాత వొకరోజు పదకొండు బొమ్మల్నీ వరసగా పెట్టుకుని చూశాను. ఒకటికీ రెండుకీ తేడా లేదు. రెండుకీ మూడుకీ తేడా లేదు. ఒకటికీ పదకొండుకీ మధ్య మాత్రం ఆ మనిషే లేదు.

అయితే ఆ సంగతి నాకై నాకు తట్టలేదు. నమూనా ప్రతి వొకటి అచ్చు వేయించి, గర్వంగా సంచీలో పెట్టుకుని ఏటూరునాగారం వెళ్ళాను. ఆవిడకి చూపించాలని. చూపించి ఆశ్చర్యపరచాలని. దానధర్మాలు చేసేవాళ్ళ ముఖంలో వుంటుందే వొక వెలుగు, అది నా ముఖంలో వుండి వుంటుంది.

టీకొట్టు అతన్ని అడిగితే, "ఆడనే ఉన్నది సూడుండ్రి," అన్నాడు. అదే చోట, అదే పట్టా. నేను పక్కన గొంతుక్కూర్చుని బొమ్మ చేతికిచ్చాను. పమిటతో చెయ్యి తుడుచుకుని తీసుకుంది. చాలాసేపు చూసింది.

"మంచిగున్నది. ఎవలు బిడ్డా ఈమె?" అంది.

"నువ్వే పెద్దమ్మా!"

బొమ్మవంక చూసింది. తర్వాత తన చేతుల వంక చూసుకుంది. మళ్ళీ బొమ్మవంక చూసింది.

ఆ చూపు నాకు తెలుసు.

ఇరవై రెండేళ్ళ కిందట నాకు వొక సంబంధం వచ్చింది. ముందు ఫొటో పంపమన్నారు. హన్మకొండలో వొక స్టూడియోకి తీసుకెళ్ళి మా మేనత్త, "కొంచెం తెల్లగా పడేట్టు తియ్యి బాబూ," అంది. అతను నవ్వి, "చూసుకుంటానమ్మా," అన్నాడు. ఫొటో నిజంగానే బాగా వచ్చింది. వాళ్ళకి నచ్చింది. చూడ్డానికి వచ్చారు. నేను కాఫీ కప్పులు పెట్టి కూర్చున్నాను. పెళ్ళికొడుకు తల్లి సంచీలోంచి ఫొటో తీసి చూసింది. నన్ను చూసింది. మళ్ళీ ఫొటో చూసింది. ఏమీ అనలేదు పాపం, మర్యాదగల మనిషి. ఫొటో మాత్రం జాగ్రత్తగా టీపాయ్‌మీద పెట్టి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు కోపం ఆవిడమీద రాలేదు, స్టూడియో అతనిమీదా రాలేదు. ఆ ఫొటోలో వున్న పిల్లమీద వచ్చింది. నా పేరు పెట్టుకుని, నా జడ వేసుకుని కూర్చున్న ఆ తెల్లపిల్ల ఎవరసలు?

ఇన్నేళ్ళ తర్వాత అదే పిల్లని తయారుచేసి ఇంకొకావిడ వొళ్ళో పెట్టాను.

ఇక్కడ వొక సంగతి వొప్పుకోవాలి. నా నవలలు చదివినవాళ్ళకి తెలుసు, నా కథానాయికలు చాలామంది చామనచాయ వాళ్ళే. పక్షపాతం చూపించకూడదనే అలా రాశాను. మొన్న పాత నవలొకటి తిరగేస్తే మొదటి పేజీలోనే కనపడింది – "చామనచాయ అయినా కళగల ముఖం." ఆ "అయినా" ఎవరు రాశారంటారు? నేనే. మూడే మూడక్షరాల ఆ మాట దగ్గర చెయ్యి ఆగలేదు. కుర్రాడి పదకొండు బొమ్మల్లో పోసిన తెలుపంతా అందులో వుంది.

కంప్యూటర్‌ని తిట్టడం తేలిక. కానీ ఇది కంప్యూటర్ తెచ్చిన జబ్బు కాదు. మన వరంగల్ పక్కనున్న చేర్యాల నకాషీ పటాలు చూడండి. ఎర్రటి నేపథ్యం మీద ఎంత అందమైన బొమ్మలో. అక్కడా రంగులకి కట్టుబాటు వుంది. దేవుళ్ళకి నీలం, దేవతలకి పసుపు, రాక్షసులకేమో ముదురు గోధుమ. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాక లక్ష్మీసరస్వతులు ఇంటింటికీ వచ్చారు. వాళ్ళ మేనిచాయ ఏమిటో ఆ పటాలే ఖాయం చేశాయి. పోనీ ఇది మన గొడవేనా అంటే కాదు. కొడాక్ కంపెనీవారు ల్యాబుల్లో రంగులు సరిచూసుకోడానికి వొక కార్డు పంపేవారు. దానిమీద వొక తెల్లజాతి యువతి ఫొటో. "షర్లీ కార్డు" అనేవారు. ఆవిడ చర్మం సరిగ్గా వచ్చిందంటే లోకంలో రంగులన్నీ సరిగ్గా వచ్చినట్టే. నల్లవాళ్ళ ముఖాలు చీకట్లో కలిసిపోతున్నాయని తల్లులు మొత్తుకుంటే పట్టించుకోలేదట. తమ సరుకుల్లో ఛాయలు తేడా తెలియడంలేదని చాకొలెట్లు చేసేవాళ్ళూ, చెక్కసామాను అమ్మేవాళ్ళూ గొడవ చేశాక 1970ల్లో ఫిల్ము బాగుపడటం మొదలైందని ఆ కంపెనీలో పనిచేసినవాళ్ళే తర్వాత చెప్పారు. మనిషి నలుపుకి రాని గౌరవం టేకు బల్ల నలుపుకి వచ్చిందన్నమాట. మన దేశంలో 1975లో వచ్చిన "ఫెయిర్ అండ్ లవ్లీ" 2020లో పేరులోంచి "ఫెయిర్" తీసేసి "గ్లో" పెట్టుకుంది. నేను నా మొదటి పేజీలోని "అయినా" ఇంకా తియ్యలేదు.

మా చిన్నప్పుడు ఇంటికొచ్చే వారపత్రికల్లో కథలకి బొమ్మలు నల్ల గీతల్లోనే వుండేవి. బాపుగారి అమ్మాయి అంటే వొక గీత, జడ, కళ్ళు. వొంటిరంగు ఏమిటంటే కాగితం రంగే. ఆ కాగితం ఏడాదికి కాస్త గోధుమవన్నె తిరిగేది, రెండేళ్ళకి చామనచాయ అయ్యేది. నాలాంటి పిల్లలు పాత సంచికల్లో తమని తాము చూసుకునేవాళ్ళం కాబోలు. రంగుల కోసం మాత్రం వడ్డాది పాపయ్యగారి చందమామ అట్టలు చించి దాచుకునేవాళ్ళం. సరే, అది వేరే కథ.

ఆ ప్రాంతంలోనే ఇంకో విచిత్రం వుంది. మేడారంలో సమ్మక్క సారలమ్మలకి విగ్రహాలు లేవు. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో చిలుకలగుట్ట నుంచి సమ్మక్కని తీసుకొస్తారు. అంటే కుంకుమభరిణె రూపంలో. గద్దెలమీద వుండేది వెదురు. సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుంది. లక్షల జనం బెల్లం నెత్తిన పెట్టుకుని వస్తారు, 1996లో దాన్ని రాష్ట్ర పండుగ కూడా చేశారు. అయినా ఆ తల్లులకి ముఖం ఎవరూ పెట్టలేదు. ముఖం పెట్టింది ఎవరంటే మన క్యాలెండర్లూ, ఫ్లెక్సీలూ. వాటిమీద ఇద్దరూ సినిమాల్లో రాణుల్లా, పసుపు పచ్చని మేనితో వుంటారు. దేవతకి ముఖం లేకపోవడం లోటని మనకి అనిపించింది. కోయవాళ్ళకి బొమ్మలు రావా అంటే, బ్రహ్మాండంగా వచ్చు. కోయ డోలీలు పూర్వీకుల కథ చెప్పేటప్పుడు పడిగె అనే బొమ్మల గుడ్డ ఎదురుగా పెట్టుకుంటారు. ఆ కథలు పాడిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. బొమ్మ వెయ్యడం చేతనై కూడా వెయ్యకుండా వుండటం వొకటి వుంది చూశారూ, అది నాకు చాలాకాలం అర్థం కాలేదు.

మళ్ళీ పట్టా దగ్గరికి వస్తాను. నేను సిగ్గుతో తల వంచుకుని, "తప్పయింది పెద్దమ్మా, నీలాగే వేయిస్తాను. చీర కూడా నీ పాత చీరే, ఆ చినిగిన రవికే –" అంటున్నాను.

"ఆగాగు. చీర తియ్యకు," అంది చప్పున. "చీర మంచిగున్నది. ఫొటో దిగేటప్పుడు మంచి చీర కట్టుకుంటం గద. ఆనాడు నువ్వు చెప్పకుంట వస్తివి."

నేను నోరు తెరిచాను.

"రైక గూడ అట్లనే ఉండనియ్యి. మొకం నాది గాదు. చేతులు నాయి గావు. ఏం పని చెయ్యని చేతులు అవి," అని బొమ్మలో పువ్వు మీద వేలు పెట్టింది. "ఇదేంది?"

"ఇప్పపువ్వు."

ఆవిడ పకపకా నవ్వి పక్కనున్న ఇంకో ఆవిడకి చూపించింది. ఇద్దరూ కోయభాషలో ఏదో అనుకుని మళ్ళీ నవ్వారు. "పచ్చి పువ్వు గిట్లుంటది. ఎండినంక ఎర్రగైతది. పచ్చి పువ్వు పట్ట మీద పోసుకుని కూసుంటె ఎవలు కొంటరు? కుళ్ళిపోతది." తన ముందున్న కుప్పలోంచి గుప్పెడు తీసి చూపించింది. ఎండుద్రాక్ష రంగు. చిన్నప్పుడు ఆ పువ్వు తిని పెరిగినదాన్ని, ఆ పసుపు చూసి ముద్దొచ్చిందన్నాను.

"సెల్లేది?" అంది.

"తీసేశాం. బొమ్మకి బాగోదని."

"నా కొడుకు కొనిచ్చిండు," అంది. ఇంకేమీ అనలేదు.

తిరుగు బస్సులో తాడ్వాయి అడవి దాటేదాకా ఆలోచిస్తూనే వున్నాను. నేను పాపం అనుకున్న చీర మార్పు ఆవిడకి మర్యాద. నేను కళ అనుకున్న సెల్‌ఫోను తొలగింపు ఆవిడకి నష్టం. అడవి మనిషి చేతిలో సెల్‌ఫోను వుంటే అట్ట బాగోదని నాకెందుకు అనిపించింది? ఆవిడ వెయ్యేళ్ళ కిందటి మనిషిలా కూర్చుంటే నా నవలకి గంభీరంగా వుంటుందని. అంటే ఆవిణ్ణి బొమ్మలో పెట్టడం కాదు, నా నవలకి కావలసిన చోట కూర్చోపెట్టడం. ఫ్లెక్సీ తీసేశాం, దానికి ఎవరికీ బాధ లేదు. బకెట్టూ అంతే. ఏది తీసెయ్యొచ్చు, ఏది తీసెయ్యకూడదు అని నియమం రాయమంటే నాకు చేతకాదు. చెరిపే వేలు కదిలే తీరు రెండింటికీ వొకటే. నలుపు నలుపుగా అచ్చవ్వాలని పోసిన మొదటి పిసరు తెలుపుకీ, షాపులో మెరవాలని పోసిన తొమ్మిదో పిసరుకీ తెరమీద కదిపే గీత వొకటే. మొదటిది ఆవిడ కోసం, తొమ్మిదోది మా కోసం. పోసేటప్పుడు ఆ తేడా చేతికి తెలియలేదు.

అసలు అడగాల్సినవాళ్ళని వొక్కసారి అడిగి వుంటే చాలా భాగం తేలిపోయేది. అడగాలని తట్టకపోవడం చూడండి! కుర్రాణ్ణి అడిగాను, ప్రచురణకర్తని అడిగాను, మా అమ్మాయినీ, మా వారినీ, ఆఖరికి పాలు పోసే అతన్ని కూడా "ఎలా వుంది?" అని అడిగాను.

ఇంటికొచ్చి కుర్రాడికి ఫోను చేశాను. కోపం తెచ్చుకుంటాడేమో అనుకున్నాను. మంచివాడు, అంతా విని, "ముఖం సరే మేడమ్. చేతులు మాత్రం నేను నున్నగా చెయ్యలేదు. మీరు పంపిన ఫొటోలోనే చేతులు లేవు," అన్నాడు.

"లేకపోవడమేమిటి?"

"వాట్సాప్‌లో పంపారు కదా. అది ఫొటోని కుదించి పంపిస్తుంది. పెద్దది చేసి చూస్తే వేళ్ళ దగ్గర అలికినట్టు వుంది. పగుళ్ళూ నరాలూ వుంటే వేసేవాణ్ణి. అచ్చుకి అంగుళానికి మూడొందల చుక్కలు కావాలి మేడమ్. అందులో సగం కూడా లేవు."

అదీ సంగతి. ఆ చేతుల్లోని ముప్ఫై నలభయ్యేళ్ళ తునికాకు కోతా, విస్తళ్ళ కుట్టూ కుర్రాడి దగ్గరికి చేరకముందే నా బొటనవేలి కింద పోయాయి. అసలు ఫొటో ఫోన్లోంచి తీసి, మా అమ్మాయిచేత సరిగ్గా పంపించాను. దాన్ని చూసి కుర్రాడు చాలాసేపటికి జవాబిచ్చాడు: "చేతులు వెయ్యడానికి రెండు రోజులు పడుతుంది."

మూడురోజులు పట్టింది. రెండో ప్రతి దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఇటికెరంగు చీర వుంచాడు. రవిక కుట్టు వుంచాడు. పువ్వు ఎర్రబడింది. ఎర్రబడేసరికి చీర రంగుతో కలిసిపోయి బొమ్మ కిందిభాగం చప్పబడింది. అందుకని చీరని కొంచెం పండిన మామిడిరంగు వైపు జరిపాడు. సెల్‌ఫోను వొళ్ళోకి తిరిగొచ్చింది. దాని తెరమీద చిన్న నీలివెలుగు పెట్టి, అదే వెలుగు గడ్డం కింద వొక అణువంత వేశాడు. నిజంగా చెప్తున్నాను, బొమ్మలో అన్నిటికన్నా అందమైన చోటు అదే. బాగోదని తీసేసిన వస్తువు అది! ముఖానికి మాత్రం నమూనా మీద నమూనా తీసి, గరుకు కాగితం మీద నలుపు ముద్దవ్వకుండా ఎంత తేలిక చెయ్యాలో అంతే చేశాడు. ఐదు నమూనాలు. ప్రచురణకర్త ఖర్చు లెక్క చెప్పారు, నేను రెండింటి ఖర్చు పెట్టుకుంటానన్నాను. అట్ట మీద నలుపు ఎక్కువైందనీ, నవల అమ్మకం మీద దాని ప్రభావం వుంటుందనీ కూడా చెప్పారు. వుందో లేదో తెలియదు. నా నవలలు ఎప్పుడూ వేలకి వేలు అమ్ముడుపోయినవి కావు గనక పోల్చి చూడటం కష్టం.

అచ్చయ్యాక ఇంకో చిత్రం. వెయ్యి ప్రతులూ వొక్కలాగ లేవు. యంత్రం మొదలైనప్పుడు సిరా వొక పాళ్ళలో పడుతుందిట, నడుస్తూ నడుస్తూ కొంచెం మారుతుందిట. పైకట్టలో ప్రతులు వొక ఛాయ ముదురు, అడుగుకట్టలో వొక ఛాయ లేత. అంత తంటాలు పడి మేము తేల్చిన నలుపు యంత్రం దగ్గర మళ్ళీ అటూ ఇటూ జరిగింది. వరండాలో పుస్తకాలు పరిచి, ఫొటో పక్కన పెట్టుకుని, ఏది సరైనదో చూశాను. పొద్దున్న వెలుతుర్లో వొకటి సరిపోయింది, సాయంత్రం ఇంకొకటి.

ఏది తీసుకెళ్ళాలో తేలక ముదురు నుంచి లేత దాకా ఐదు ప్రతులు సంచీలో పెట్టుకుని వర్షాకాలంలో మళ్ళీ వెళ్ళాను. ఈసారి పట్టామీద పుట్టగొడుగులు వున్నాయి. బొమ్మకి ఇంత అని డబ్బు తీసుకెళ్ళాను. ఇవ్వడానికి నేను నీళ్ళు నమిలాను గాని, తీసుకోడానికి ఆవిడ ఏమీ మొహమాటపడలేదు. లెక్కపెట్టుకుని రొంటిన దోపుకుంది.

ఐదు పుస్తకాలూ వరసగా పెట్టాను. ఛాయల సంగతి ఏమీ చెప్పలేదు. "నీకు ఏది కావాలో తీసుకో పెద్దమ్మా," అన్నాను. గుండె దడదడలాడుతోంది, పరీక్ష ఫలితాల రోజులాగ.

ఒక్కొక్కటీ తీసి చూసింది. చేతుల బొమ్మ దగ్గర బొటనవేలితో తడిమింది. సెల్‌ఫోను చూసి పక్కావిడకి చూపించింది. అటూ ఇటూ తిప్పి, నాలుగోది తీసి పక్కన పెట్టుకుంది.

"అదే ఎందుకు?" అన్నాను ఆగలేక.

"దీని మూలలు మంచిగున్నయి. కడమయి సంచిల మడత పడ్డయి," అంది.